జూలై 31 దాకా ఫ్రీమాంట్, ఆగస్టు 1 నుంచి కేరీ: ఏ రాష్ట్రానికి ఎంత పన్ను?

ప్రశ్న: మేము 2025 జూలై 31న కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో అద్దె ఫ్లాటు ఖాళీ చేసి, ఆగస్టు 1న నార్త్ కరోలైనాలోని కేరీకి వచ్చేశాము. మావారిది అదే ఉద్యోగం, ఇంటి నుంచే చేస్తున్నారు. జీతం ఏడాదికి 1,56,000 డాలర్లు. నేను అక్కడి ఉద్యోగం జూలైలో మానేసి (56,000), అక్టోబరులో రాలీలో కొత్త ఉద్యోగంలో చేరాను (24,000). నవంబరులో మావారికి 40,000 డాలర్ల విలువైన ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఉద్యోగులకు ఇచ్చే షేర్లు) వెస్ట్ అయ్యాయి, అంటే చేతికి వచ్చాయి. హైదరాబాద్‌ బ్యాంకులోని ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద ఏడాదికి 1,200 డాలర్ల దాకా వడ్డీ వస్తుంది. మావారి డబ్ల్యూ-2లో (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, పన్నుల కాగితం) మొత్తం 1,96,000 అని ఉంది. కింద రాష్ట్రాల వరుసల్లో కాలిఫోర్నియా 1,44,500, నార్త్ కరోలైనా 85,500 అని ఉన్నాయి. రెండూ కూడితే 2,30,000! మేము సంపాదించని ఆ 34,000 ఎక్కడి నుంచి వచ్చాయి? సాఫ్ట్‌వేర్‌లో రెండు రాష్ట్రాల ఫారాల్లోనూ మా ఏడాది ఆదాయం మొత్తం, 2,77,200, కనిపిస్తోంది. పైగా కాలిఫోర్నియా నుంచి రిఫండ్ వస్తుందని, నార్త్ కరోలైనాకు ఎదురు కట్టాలని అంటోంది. డిసెంబరు 31న ఎక్కడ ఉంటే ఆ ఒక్క రాష్ట్రానికే ఫైల్ చేస్తే చాలని స్నేహితులు చెబుతున్నారు. ఏది నమ్మాలో తెలియక వారం రోజులుగా నిద్ర పట్టడం లేదు.
కేరీ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఆ 34,000 డాలర్లు పేరోల్ (కంపెనీలో జీతాల లెక్కలు చూసే విభాగం) వారి కూడికలో తప్పు కాదు. వాటి వెనక ఒక లెక్క ఉంది, అది వివరంగా చెబుతాను. అంతకన్నా ముందు మీ స్నేహితుల సలహాను పక్కన పెట్టేయండి. అది పాటిస్తే మీకు నష్టం జరుగుతుంది.

డిసెంబరు 31 అన్న మాట ఊరికే పుట్టలేదు. ఫెడరల్ పన్నులో మీరు పెళ్ళైనవారా కాదా అన్నది ఏడాది చివరి రోజును బట్టే తేలుతుంది. డిసెంబరు 30న పెళ్ళి చేసుకున్నవారు కూడా ఆ ఏడాది మొత్తానికీ దంపతులుగా ఫైల్ చేయవచ్చు. ఆ నియమాన్ని ఎవరో రాష్ట్ర పన్నుకు అంటగట్టారు, అది ఆ నోటా ఈ నోటా పాకింది. రాష్ట్రాలు చూసేది వేరు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా మా దగ్గర కాపురం ఉన్నారు, మా గడ్డ మీద పని చేసి ఎంత సంపాదించారు అన్నవే వాటి ప్రశ్నలు. మీరు 2025లో 212 రోజులు కాలిఫోర్నియా వాసులు, 153 రోజులు నార్త్ కరోలైనా వాసులు. కాబట్టి రెండు చోట్లా రిటర్ను వేయాలి, రెండు చోట్లా 'పార్ట్-ఇయర్ రెసిడెంట్' అనే వేయాలి. కాలిఫోర్నియాకు ఫారం 540ఎన్‌ఆర్, దానికి జతగా షెడ్యూల్ సీఏ. ఏడాదంతా ఉన్నవారు వేసే 540 మీది కాదు. నార్త్ కరోలైనాకు డి-400, దానితో పాటు షెడ్యూల్ పీఎన్. సాఫ్ట్‌వేర్‌లో మొదట అడిగే నివాస తేదీలు సరిగ్గా ఇస్తే ఈ ఫారాలు వాటంతట అవే వస్తాయి.

ఆ తేదీల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మిగతా లెక్కంతా వాటి మీదే నిలబడుతుంది. మీరు తాళాలు ఇచ్చి వచ్చేశారు గనుక విషయం తేలిక అనిపిస్తుంది. కానీ కాలిఫోర్నియా పన్నులు చూసే ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు, ఎవరైనా నిజంగా రాష్ట్రం విడిచి వెళ్ళారా లేదా అన్నది ఒక్క కాగితంతో తేల్చదు. కొత్త ఇంటి లీజు, పిల్లలను బడిలో చేర్చిన తేదీ, డ్రైవింగ్ లైసెన్సు, కారు రిజిస్ట్రేషన్, బ్యాంకులో చిరునామా, కొత్త డాక్టరు, అన్నీ కలిపి చూస్తుంది. నార్త్ కరోలైనాలో కాపురం పెట్టిన 60 రోజుల లోపు ఇక్కడి లైసెన్సు తీసుకోవాలన్నది చట్టం. కాలిఫోర్నియా లైసెన్సుతోనే ఏడాది గడిపేస్తే, రేపు తేదీ మీద ప్రశ్న వచ్చినప్పుడు అది మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. మీవారు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటే ఇంకో కాగితం కూడా ఉండాలి. పని చేసే చోటు ఫ్రీమాంట్ నుంచి కేరీ అంత దూరం మారినప్పుడు కంపెనీ ముందుగా సవరణ పిటిషన్ వేయాలి. అందులో రాసిన తేదీ, మీ రిటర్నులో రాసే తేదీ ఒకదానితో ఒకటి పొసగాలి. ఒక చోట ఆగస్టు, ఇంకో చోట అక్టోబరు ఉంటే రెండు కార్యాలయాలకు రెండు కథలు చెప్పినట్టవుతుంది.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి నా సొంత అనుభవం కారణం. చాలా ఏళ్ళ కిందట నేను రాష్ట్రం మారినప్పుడు అప్పటి నా కంపెనీ పేరోల్ విభాగం ఏడాది జీతమంతా పాత రాష్ట్రం ఖాతాలోనే రాసింది. డబ్ల్యూ-2లో ఏముంటే అదే సత్యమనుకుని అలాగే ఫైల్ చేశాను. రెండేళ్ళ తరువాత కొత్త రాష్ట్రం నుంచి ఉత్తరం వచ్చింది: మీ ఫెడరల్ రిటర్నులో చిరునామా మా రాష్ట్రానిది, మాకు రిటర్ను ఏదీ, అని. ఫెడరల్ సమాచారాన్ని ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్ను శాఖ) రాష్ట్రాలతో పంచుకుంటుందన్న సంగతి నాకు అప్పటి దాకా తెలియదు. ఏ రోజున మారానో నిరూపించమన్నారు. ఇల్లంతా వెతికితే చివరకు ఇత్తడి గిన్నెలు సర్దిన అట్టపెట్టె అడుగున, సామాను తెచ్చుకున్న ట్రక్కు అద్దె రసీదు దొరికింది. సగం చెరిగిపోయినా తేదీ కనిపిస్తోంది. ఆ రసీదు వల్లే తేదీ ఒప్పుకున్నారు, కానీ వడ్డీ, జరిమానా తప్పలేదు. ఆ ఏడాది నుంచే ఇతరుల పన్నుల కాగితాలు చూడటం మొదలుపెట్టాను. మీరు ఇవాళే ఒక కవరు తీసుకుని ఫ్లాటు అప్పగించిన కాగితం, కొత్త లీజు, విమాన టికెట్లు, సామాను రవాణా రసీదు, బడి చేరిక పత్రం అందులో పెట్టండి. ఫోనులో ఫొటోలు కూడా తీసి ఉంచండి.

ఇక మీ భయం: రెండు రాష్ట్రాల ఫారాల్లోనూ 2,77,200 కనిపించడం. కనిపించాలి. రెండు రాష్ట్రాలూ మీ ఏడాది ఆదాయం మొత్తాన్ని అడుగుతాయి, కానీ మొత్తం మీద పన్ను వేయవు. కాలిఫోర్నియాలో ఆదాయం పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. అక్కడి ఏడు నెలల ఆదాయాన్నే చూసి రేటు వేస్తే, మధ్యలో వెళ్ళిపోయినవారికి కింది శ్లాబుల లాభం ఎక్కువగా దక్కుతుంది. అందుకని మీరు ఏడాదంతా అక్కడే ఉన్నట్టు లెక్కించి మొదట సగటు రేటు కడతారు. మీ ఆదాయానికి అది సుమారు ఆరున్నర శాతం చిల్లర వస్తుంది. తరువాత ఆ రేటును కాలిఫోర్నియా భాగానికి మాత్రమే వర్తింపజేస్తారు. నార్త్ కరోలైనాలో శ్లాబులు లేవు. 2025కు అందరికీ ఒకే రేటు, 4.25 శాతం. దంపతులకు 25,500 డాలర్ల స్టాండర్డ్ డిడక్షన్ తీసివేసి, మిగిలినదానిలో మీ నార్త్ కరోలైనా భాగం ఎంత శాతమో అంతకే పన్ను వేస్తారు. ఆ శాతాన్ని కట్టేది షెడ్యూల్ పీఎన్. మీరు చేయవలసిన పనల్లా ఏ డాలరు ఏ రాష్ట్రానిదో విడదీయడం.

మీ జీతం విడదీయడం తేలిక. 56,000 కాలిఫోర్నియావి, 24,000 నార్త్ కరోలైనావి, డబ్ల్యూ-2లు కూడా విడివిడిగానే వచ్చి ఉంటాయి. చిక్కంతా మీవారి దగ్గర ఉంది. ఆయన పేస్టబ్‌లు, అంటే ఒక్కో జీతానికి ఇచ్చే చీటీలు, ఒక్కొక్కటీ తెరిచి చూడండి. 1,56,000ను 24 జీతాలుగా, నెలకు రెండుసార్లు ఇస్తే ఒక్కో జీతం 6,500 అవుతుంది. జూలై 31 దాకా 14 జీతాలు, అంటే 91,000. ఆగస్టు నుంచి 10 జీతాలు, అంటే 65,000. కానీ డబ్ల్యూ-2లో కాలిఫోర్నియాకు 1,44,500 ఉంది. అందులోంచి కాసేపు ఆ 34,000 పక్కన పెడితే 1,10,500 మిగులుతుంది. అది 17 జీతాల మొత్తం. అంటే మీరు కేరీకి వచ్చాక కూడా మూడు జీతాలు, ఆగస్టులో రెండు, సెప్టెంబరులో మొదటిది, పేరోల్ లెక్కలో కాలిఫోర్నియావిగానే వెళ్ళాయి. చిరునామా మార్పు పేరోల్‌కు ఆలస్యంగా చేరి ఉంటుంది. ఇది చాలా ఇళ్ళలో జరిగేదే. మూడు జీతాలంటే 19,500 డాలర్లు.

ఈ 19,500ను అలా వదిలేయకండి. ఆ డబ్బు కోసం మీవారు పని చేసింది కేరీలో కూర్చుని. కాలిఫోర్నియాకు దాని మీద హక్కు లేదు. డబ్ల్యూ-2లో ఉన్నది ఉన్నట్టు ఫైల్ చేస్తే కాలిఫోర్నియాకు దాదాపు 1,300 డాలర్లు అనవసరంగా కడతారు. పోనీ అని సరిపెట్టుకోవడానికీ లేదు. మీరు తన వాసులుగా ఉన్న రోజుల్లో అందుకున్న జీతం గనుక నార్త్ కరోలైనా దాని మీద తన పన్ను, సుమారు 750 డాలర్లు, ఎలాగూ అడుగుతుంది. కాలిఫోర్నియాకు కట్టేశాం, క్రెడిట్ (ఆ మేరకు పన్నులో తగ్గింపు) ఇవ్వండి అంటే ఇవ్వదు. నిజంగా ఆ రాష్ట్రంలో పుట్టిన ఆదాయానికే క్రెడిట్, పొరపాటున కట్టినదానికి కాదు. ఒకే జీతానికి రెండు పన్నులు పడి, ఏ ఉపశమనమూ లేకుండా మిగిలేది ఈ ఒక్క చోటే.

కాబట్టి ఫైల్ చేయడానికి ముందే మీవారు పేరోల్‌కు రాయాలి. ఏ తేదీ నుంచి కేరీలో పని చేస్తున్నారో, ఏ మూడు జీతాలు తప్పుగా వెళ్ళాయో పేస్టబ్ తేదీలతో సహా చెప్పి, సవరించిన డబ్ల్యూ-2, అంటే డబ్ల్యూ-2సీ, ఇమ్మని అడగాలి. ఫోనులో కాదు, ఈమెయిల్‌లోనే అడగమనండి. ఇదే ఉత్తరంలో ఇంకో సంగతి కూడా చేర్చండి. డబ్ల్యూ-2 14వ గడిలో సీఏఎస్‌డీఐ అని ఒక అంకె ఉంటుంది. అది కాలిఫోర్నియా వైకల్య బీమాకు జీతంలోంచి కోసినది. 2025లో అది 1.2 శాతం, 2024 నుంచి దానికి గరిష్ఠ పరిమితి కూడా లేదు. 19,500 మీద 234 డాలర్లు. ఇది పన్ను రిటర్నులో తిరిగి వచ్చేది కాదు, కంపెనీయే వెనక్కి ఇవ్వాలి. అడగనివారికి అది అక్కడే ఉండిపోతుంది.

డబ్ల్యూ-2సీ ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకోకపోతే? అప్పుడు కనీసం ఒక ఉత్తరం తీసుకోండి: ఫలానా ఉద్యోగి 2025 ఆగస్టు 1 నుంచి నార్త్ కరోలైనాలో ఉండి పని చేస్తున్నారు, ఆ తరువాత కాలిఫోర్నియాలో పని చేయలేదు, అని. ఆ ఉత్తరం, మూడు పేస్టబ్‌లు దగ్గర పెట్టుకుని, 540ఎన్‌ఆర్‌లో అసలు నిజమైన అంకెలే రాయండి. ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు డబ్ల్యూ-2తో పోల్చి చూసి వివరణ అడిగే అవకాశం ఉంది. అడిగితే అవే పంపండి. రిఫండ్ కొంత ఆలస్యం కావచ్చు. న్యాయంగా మీదైన డబ్బు కోసం అది భరించవచ్చు.

ఇప్పుడు ఆ 34,000. ఆర్‌ఎస్‌యూలు వెస్ట్ అయింది నవంబరులో, మీరు కేరీలో ఉండగా. డబ్బు చేతికందిన రోజున మీరు నార్త్ కరోలైనా వాసులు గనుక ఆ రాష్ట్రం మొత్తం 40,000నూ తన లెక్కలో వేసుకుంటుంది. కాలిఫోర్నియా వాదన వేరు: ఈ షేర్లు నవంబరులో ఒక్క రోజున సంపాదించినవి కావు, ఇస్తామని చెప్పిన రోజు నుంచి చేతికి వచ్చిన రోజు దాకా ఆయన చేసిన పనికి ప్రతిఫలం, ఆ పనిలో ఎక్కువ భాగం మా రాష్ట్రంలోనే జరిగింది, అని. అది కాదనలేని మాట. గ్రాంటు తేదీ నుంచి వెస్ట్ తేదీ దాకా ఉన్న పని దినాల్లో కాలిఫోర్నియాలో పని చేసిన దినాలు ఎన్నో చూసి, ఆ నిష్పత్తిలో తన వాటా తీసుకుంటుంది. ఈ పద్ధతిని ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు తన ప్రచురణ 1004లో ఉదాహరణలతో ఇచ్చింది. మీ అంకెలను బట్టి చూస్తే పేరోల్ వారు వేసిన నిష్పత్తి 85 శాతం. ఉదాహరణకు 2023 నవంబరు మధ్యలో ఇచ్చిన గ్రాంటు అయితే, సెలవులు తీసివేయగా రెండేళ్ళలో 480 పని దినాలు, వాటిలో కాలిఫోర్నియాలో 408. 408ని 480తో భాగిస్తే 85 శాతం, 40,000లో 85 శాతం 34,000.

అదీ సంగతి. ఆ 34,000ను కాలిఫోర్నియా వరుసలో ఒకసారి, 40,000లో భాగంగా నార్త్ కరోలైనా వరుసలో మరోసారి రాశారు. అందుకే రాష్ట్రాల కూడిక మొత్తం జీతం కన్నా సరిగ్గా అంతే ఎక్కువ వచ్చింది. డబ్ల్యూ-2సీ వచ్చి కాలిఫోర్నియా 1,25,000, నార్త్ కరోలైనా 1,05,000గా మారినా కూడిక 2,30,000గానే ఉంటుంది. అది చూసి మళ్ళీ కంగారు పడకండి. కాకపోతే పేరోల్ వేసిన 85 శాతాన్ని మీరు ఒకసారి సరిచూసుకోవాలి. జీతాల్లో చిరునామా ఆలస్యంగా మార్చినవారు ఆర్‌ఎస్‌యూల లెక్కలో కూడా అదే ఆలస్యపు తేదీని వాడి ఉండవచ్చు. బ్రోకరేజీ ఖాతాలో గ్రాంటు తేదీ దొరుకుతుంది. ఒక క్యాలెండరు ముందు పెట్టుకుని దినాలు లెక్కపెట్టండి, గంట పని. నెలల లెక్కతో సరిపెట్టకండి, అడిగేది పని దినాలు.

హైదరాబాద్ డిపాజిట్ల వడ్డీ చిన్నదే అయినా వదలకూడదు. ఇండియాలో టీడీఎస్ కోశారు గదా, ఇక్కడ రాష్ట్రానికి ఎందుకు అని చాలామంది అడుగుతారు. తన వాసి ఆదాయం ప్రపంచంలో ఎక్కడ పుట్టినా కాలిఫోర్నియా పన్ను వేస్తుంది. విదేశంలో కట్టిన పన్నుకు ఫెడరల్ రిటర్నులో క్రెడిట్ దొరుకుతుంది గానీ, కాలిఫోర్నియా మాత్రం ఇవ్వదు. మూడు నెలలకోసారి వడ్డీ జమ అయితే మార్చి, జూన్ జమలు కాలిఫోర్నియాకు, సెప్టెంబరు, డిసెంబరు జమలు నార్త్ కరోలైనాకు వేయండి. 600, 600. ఇక్కడి సేవింగ్స్ ఖాతా వడ్డీ ఉంటే దానికీ ఇదే పద్ధతి.

ఇప్పుడు మీ బొమ్మ పూర్తయింది. కాలిఫోర్నియా భాగం: మీవారి జీతం 91,000, షేర్ల వాటా 34,000, మీ జీతం 56,000, వడ్డీ 600, మొత్తం 1,81,600. ఏడాది ఆదాయంలో 65.5 శాతం. నార్త్ కరోలైనా భాగం: 65,000, 40,000, 24,000, 600, మొత్తం 1,29,600. అది 46.75 శాతం. 401కె (రిటైర్మెంటు పొదుపు), హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) లాంటివి ఏవీ లేవనుకుని ఈ లెక్క చెబుతున్నాను. హెచ్‌ఎస్‌ఏ ఉంటే ఒక జాగ్రత్త: దానికి కాలిఫోర్నియాలో పన్ను మినహాయింపు లేదు, కాబట్టి అక్కడ ఉండగా వేసిన మొత్తాన్ని 540ఎన్‌ఆర్‌లో ఆదాయానికి కలపాలి.

నార్త్ కరోలైనా పన్ను ఎంతో చేత్తోనే చూడవచ్చు. 2,77,200లోంచి 25,500 తీసేస్తే 2,51,700. అందులో 46.75 శాతం సుమారు 1,17,670. దాని మీద 4.25 శాతం, సుమారు 5,000 డాలర్లు. ఇందులోంచి ఇంకా తగ్గుతుంది. రెండు రాష్ట్రాలూ పన్ను వేసిన ఆ 34,000కు నార్త్ కరోలైనా క్రెడిట్ ఇస్తుంది. ఫారం డి-400టీసీలో అడగాలి. ఇచ్చేది రెండు అంకెల్లో ఏది తక్కువైతే అది: ఆ ఆదాయానికి కాలిఫోర్నియాకు మీరు కట్టిన పన్ను, లేదా అదే ఆదాయానికి నార్త్ కరోలైనా పన్నులో పడే వాటా. కాలిఫోర్నియాకు 34,000 మీద సుమారు 2,200 అవుతుంది. నార్త్ కరోలైనా వాటా, 1,29,600లో 34,000 నిష్పత్తిన, సుమారు 1,300. కాబట్టి మీకు తగ్గేది 1,300. మిగతా 900 తిరిగి రాదు, కాలిఫోర్నియా రేటు ఎక్కువ గనుక పడిన భారం అది. దాన్ని రాబట్టే దారి ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఈ క్రెడిట్ వల్లనే పని చేసే వరుస ముఖ్యం. మొదట ఫెడరల్, తరువాత కాలిఫోర్నియా, చివరగా నార్త్ కరోలైనా. కాలిఫోర్నియా పన్ను తేలకుండా డి-400టీసీ నింపలేరు. సాఫ్ట్‌వేర్‌లో మీరు నార్త్ కరోలైనాను ముందు చేసి ఉంటే క్రెడిట్ లేకుండానే లెక్క కట్టి ఉంటుంది. ఎదురు కట్టాలని చూపించడానికి అదొక కారణం కావచ్చు. రెండో కారణం ఆ మూడు జీతాలే: వాటి మీద కోసిన పన్ను కాలిఫోర్నియాకు వెళ్ళింది, అక్కడి నుంచి రిఫండ్‌గా తిరిగి రావాలి. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టడం లాంటిది, కొత్తగా పడిన భారం కాదు. నార్త్ కరోలైనాకు కట్టవలసింది 1,000 డాలర్లకు చేరితే మాత్రం ముందస్తు పన్ను కట్టనందుకు వడ్డీ అడగవచ్చు, అందుకని క్రెడిట్ వేశాకే చివరి అంకె చూడండి. కాలిఫోర్నియా రిటర్ను కాపీ, అక్కడ పన్ను కట్టిన రుజువు క్రెడిట్ కోసం కావాలి, వాటిని విడిగా దాచండి.

మీలాగే రాష్ట్రం మారి, నార్త్ కరోలైనాకు కాక టెక్సాస్‌కో ఫ్లోరిడాకో వెళ్ళిన పాఠకులకు ఒక మాట. అక్కడ జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, కాబట్టి కొత్త రాష్ట్రానికి రిటర్ను లేదు. కానీ విడిచి వచ్చిన కాలిఫోర్నియాకు 540ఎన్‌ఆర్ వేయాలి, ఆర్‌ఎస్‌యూల వాటా కట్టాలి. క్రెడిట్ ఇచ్చేందుకు అవతల పన్నే లేదు గనుక ఆ భారం మొత్తం మీదే. న్యూయార్క్ కంపెనీలో ఉద్యోగం ఉంచుకుని వేరే రాష్ట్రం నుంచి ఇంట్లో కూర్చుని పని చేసేవారి సంగతి ఇంకా వేరు. కంపెనీ అవసరం కోసం కాక మీ వీలు కోసం బయట ఉంటున్నారని తేలితే, న్యూయార్క్ ఆ జీతాన్ని తన రాష్ట్రంలో సంపాదించినట్టే చూస్తుంది. వారు ఇక్కడ నేను చెప్పిన జీతాల విభజనను తమకు అన్వయించుకోకూడదు.

గడువు సంగతి. 2025 రిటర్నులకు రెండు రాష్ట్రాల్లోనూ ఫెడరల్‌తో పాటే 2026 ఏప్రిల్ 15. డబ్ల్యూ-2సీ అప్పటికి రాకపోతే తొందరపడి తప్పు అంకెలతో ఫైల్ చేయకండి. ఫెడరల్ పొడిగింపు తీసుకోండి. దానితో నార్త్ కరోలైనా పొడిగింపు కూడా వస్తుంది, రిటర్ను వేసేటప్పుడు ఆ సంగతి గుర్తు పెట్టాలి. కాలిఫోర్నియా అడగకుండానే అక్టోబరు 15 దాకా సమయం ఇస్తుంది. పొడిగింపు కాగితాలకే, డబ్బుకు కాదు. కట్టవలసింది ఉంటే ఏప్రిల్ 15 లోపే అంచనాతో కట్టేయాలి.

తపాలా శాఖకు చిరునామా మార్పు ఇచ్చే ఉంటారు. ఉత్తరాలు కొత్త ఇంటికి మళ్ళించడం ఏడాదితో ఆగిపోతుంది, పన్ను శాఖ ఉత్తరాలు ఆ తరువాతే వస్తాయి. ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డుకు కొత్త చిరునామా విడిగా తెలపండి. దానికి ఫారం 3533 ఉంది, వారి వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి కూడా మార్చుకోవచ్చు.

ఇంకొక్క పని మిగిలింది, అది మీవారిది. ఆయన గ్రాంటులో ఇంకా వెస్ట్ కావలసిన షేర్లు ఉండే ఉంటాయి. 2026లో మీరు ఏడాదంతా నార్త్ కరోలైనా వాసులే అయినా, ఆ షేర్లలో ఫ్రీమాంట్ పని దినాల వాటాకు కాలిఫోర్నియాకు మళ్ళీ 540ఎన్‌ఆర్ వేయాలి, ఈసారి నాన్‌రెసిడెంట్‌గా. వెస్ట్ తేదీ దూరమయ్యేకొద్దీ వాటా తగ్గుతూ వస్తుంది: ఇప్పుడు 85 శాతం, వచ్చే ఏడాది అంతకన్నా తక్కువ. మీటింగుల కోసం కాలిఫోర్నియా ఆఫీసుకు వెళ్ళి పని చేసిన రోజులుంటే అవీ కలుస్తాయి. వంటింటి గోడకు తగిలించిన క్యాలెండరు మీదైనా సరే, వెళ్ళిన ప్రతి రోజునూ చుట్టి ఉంచమనండి.